బ్యాచ్‌మేట్స్ ప్యాకేజీలతో పోల్చుకోవడం: ఏ అంకెను దేని పక్కన పెట్టి చూడాలి?

మియాపూర్_మెట్రో (ప్రశ్న)

2018 బ్యాచ్, ఈసీఈ. సర్వీస్ కంపెనీ, బ్యాంకింగ్ క్లయింట్, జావా, స్ప్రింగ్ బూట్. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 14 లక్షలు, అందులో 10 శాతం వేరియబుల్ (ఖాయం కాని భాగం). నోటీసు 90 రోజులు. అద్దె హైదరాబాద్‌లోనే.

కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకతను 45 లక్షల ప్యాకేజీతో హైదరాబాద్‌లోనే ఉన్నాడు, ఇంకొకతను అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఏడాదికి లక్షా నలభై వేల డాలర్లతో ఉన్నాడు, మూడో ఆమె స్టార్టప్‌లో ఇంజినీరింగ్ మేనేజర్. వీటిని చూసిన ప్రతిసారీ నాకు పని రాదేమో అన్న అనుమానం వస్తోంది. ఎవరి మీదా అసూయ లేదు, నా మీద నాకే నమ్మకం తగ్గుతోంది. మీ దారి మీది, పోల్చుకోకండి అనే సలహా వద్దండీ, అది పని చెయ్యడం లేదు. కావాల్సింది ఇది: ఆ అంకెల్ని నా అంకెతో సరిగ్గా ఎలా పోల్చాలి? గ్రూపుతో సంబంధం లేకుండా నా పనితనం ఏ స్థాయిలో ఉందో ఎలా కొలుచుకోవాలి? వరుసగా మూడు అప్రైజల్స్‌లో మధ్య రేటింగే వచ్చింది, నా పని విలువ అంతేనా?

---

పేస్లిప్_పంతులు

మొదటి ప్రశ్నకు లెక్క వేసి చూపిస్తాను. పోల్చకుండా ఉండటం ఎవరి వల్లా కాదు కాబట్టి సరిగ్గా పోల్చడమే మేలు.

45 లక్షల సీటీసీ సాధారణంగా ఇలా ఉంటుంది: ఫిక్స్‌డ్ 26, వేరియబుల్ 3, జాయినింగ్ బోనస్ 4, మిగతా 12 షేర్లు. ఆ 12 ఎక్కడిదంటే, నాలుగేళ్లకు 48 లక్షల ఆర్‌ఎస్‌యూలు (విడతలుగా చేతికొచ్చే కంపెనీ షేర్లు) ఇచ్చి నాలుగుతో భాగించారు. ఫిక్స్‌డ్‌లో బేసిక్ 50 శాతం అనుకుందాం, అంటే 13 లక్షలు. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, 1.56 లక్షలు. గ్రాట్యుటీ 4.81 శాతం, సుమారు 62 వేలు. రెండూ సీటీసీలో భాగమే, ఖాతాలో మాత్రం పడవు. పైగా గ్రాట్యుటీ చేతికి రావాలంటే మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. మిగిలిన గ్రాస్ 23.8 లక్షలు. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1.56 పోతుంది. 2025-26కి కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక సెస్‌తో కలిపి పన్ను సుమారు 2.88 లక్షలు. వృత్తి పన్ను నెలకు 200. నెల చివర చేతికొచ్చేది 1.61 లక్షలు. 45ని 12తో భాగించి 3.75 లక్షలు అనుకునేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు మీ 14. ఫిక్స్‌డ్ 12.6, బేసిక్ 6.3, కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తే గ్రాస్ 11.5. కొత్త విధానంలో రిబేటు వల్ల ఫిక్స్‌డ్ మీద పన్ను సున్నా. వేరియబుల్ మొత్తం వచ్చినా మార్జినల్ రిలీఫ్ (పరిమితి దాటిన ఆదాయం కంటే పన్ను ఎక్కువ కాకుండా ఆపే సడలింపు) వల్ల పన్ను 20 వేల దగ్గరే ఆగుతుంది. నెలకు చేతికొచ్చేది దాదాపు 90 వేలు. మీ కంపెనీ పీఎఫ్‌ను 15 వేల వేతన పరిమితి మీదే లెక్కగట్టి నెలకు 1,800 మాత్రమే పట్టుకుంటుంటే ఇంకొంచెం ఎక్కువే వస్తుంది.

అంటే సీటీసీలో 3.2 రెట్ల తేడా, నెల జీతంలో 1.8 రెట్లు. ఇక్కడే ఆపేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే, ఎందుకంటే షేర్లు కూడా డబ్బే. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది కాబట్టి దాన్ని తీసేసి, వేరియబుల్, షేర్లు పన్ను పోగా కలిపితే అతనికి ఏడాదికి 29.7 లక్షలు, మీకు 12. రెండున్నర రెట్లు. అసలు తేడా ఇదీ. పెద్దదే, కానీ గ్రూపులో కనిపించినంత కాదు.

షేర్ల విషయంలో ఇంకో మాట. షేర్ల సంఖ్య గ్రాంట్ (ఇస్తామని రాసిచ్చిన) రోజునే ఖాయమవుతుంది, విలువ మాత్రం వెస్ట్ అయిన (అవి మన సొంతమైన) రోజు ధరను బట్టి ఉంటుంది. ఆ రోజు విలువ మొత్తం జీతంగా లెక్కకొస్తుంది, అమ్మకపోయినా పన్ను కట్టాల్సిందే. అందుకే చాలా కంపెనీలు పన్నుకు సరిపడా షేర్లను అప్పుడే అమ్మేస్తాయి. అన్ని చోట్లా ఏడాదికి పావు వంతు రాదు. అమెజాన్ పద్ధతి 5, 15, 40, 40 శాతాలుగా ప్రసిద్ధం. మొదటి రెండేళ్లలో మానేసినవాడికి కాగితం మీది అంకెలో చాలా భాగం అందదు. జాయినింగ్ బోనస్‌కు కూడా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటుంది. ఇక స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని స్టార్టప్ ఈసాప్స్‌ను (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కు) పోలికలో సున్నాగా వేసుకోండి. ఆ ఖాయం చేసిన (ఎక్సర్‌సైజ్) ధర కట్టాలి, ఆ రోజు విలువకూ ఆ ధరకూ ఉన్న తేడా మీద పన్ను, అమ్ముకోవడానికి మార్కెట్ ఉండదు. డబ్బు వచ్చిన రోజు లెక్కలో కలుపుకోవచ్చు.

పోలిక అప్పు దగ్గరికి వెళ్తే ప్రమాదం, అది కూడా చెప్పాలి. గ్రూపులో ఎవరో తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొన్నారని మీరూ 80 లక్షల లోన్ తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల ఈఎంఐ 69,400. మీ 90 వేలలో మూడొంతులకు పైన. అంత ఈఎంఐ మెడ మీద ఉంటే మంచి అవకాశం వచ్చినా ఉద్యోగం మారే ధైర్యం రాదు. 40 శాతం, అంటే 36 వేలు దాటకూడదు అనుకుంటే అదే వడ్డీకి 41 లక్షల లోనే మీ పరిమితి.

---

ఫ్రిస్కో_వాసి

డాలర్ల లెక్క నేను చెప్తానండీ. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 1,40,000 మీద ఒంటరి మనిషికి 2025 లెక్కన ఫెడరల్ పన్ను సుమారు 22,700, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, 10,710. మిగిలేది నెలకు 8,880 డాలర్లు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, 401కే (అక్కడి రిటైర్మెంట్ పొదుపు) ఇంకా తియ్యలేదు. ఒక బెడ్‌రూమ్ అద్దె 1,500 నుంచి 1,900. కారు, దాని ఇన్సూరెన్స్ లేకుండా ఇక్కడ కుదరదు. ఎమ్మెస్ లోన్ ఉంటే నెలకు 800, 1,000 దానికి. జాగ్రత్తగా ఉండే ఒంటరి మనిషికి 3,500 నుంచి 4,000 మిగలొచ్చు. అదే జీతం కాలిఫోర్నియాలో అయితే రాష్ట్ర పన్ను పడుతుంది, అద్దె పెరుగుతుంది, మిగిలేది బాగా తగ్గుతుంది. పెళ్లై, పిల్లల డేకేర్ మొదలైతే ఈ లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాల్సిందే.

రూపాయల్లో అది నెలకు 3 లక్షల పైమాటే. తేడా తక్కువ అని చెప్పడం లేదు, ఇది నిజమైన తేడా. కానీ అది పనితనం తేడా కాదు, దేశం తేడా. ఒకే కంపెనీలో, ఒకే లెవెల్‌లో, ఒకే కోడ్ మీద పనిచేసే ఇద్దరికి హైదరాబాద్‌లో ఒక బ్యాండ్ (జీతపు పరిధి), డల్లాస్‌లో ఇంకో బ్యాండ్. కంపెనీలు జీతాన్ని ఆ ఊరి మార్కెట్‌ను బట్టి పెడతాయి. మీ జీతాన్ని డాలర్ రేటుతో గుణించిన అంకె పక్కన పెట్టి మీ బుర్రకు మార్కులు వేసుకోవడంలో అర్థం లేదు.

అతని అంకెలో కనబడనిది వీసా. హెచ్-1బీ (వర్క్ వీసా) ఆరేళ్లు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ) అప్రూవ్ అయితే ఆ తర్వాత పొడిగిస్తారు. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులు. ఈలోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా వేరే స్టేటస్‌కు మారాలి, లేదా బయల్దేరాలి. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 కేటగిరీల్లో భారతీయుల గ్రీన్‌కార్డు వరుస దశాబ్దం దాటింది. ఆ రిస్కుకు మీరైతే ఎంత వెల కడతారో అది మీ ఇష్టం, కానీ సున్నా మాత్రం కాదు.

---

పాత_జావా

రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి ముందు పదవుల గొడవ తీర్చేద్దాం.

టైటిల్స్‌ను పోల్చకండి, లెవెల్స్ కూడా కంపెనీ దాటితే మారిపోతాయి. అమెజాన్‌లో ఎల్5 అంటే ఎస్‌డీఈ-2 (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లలో రెండో మెట్టు), గూగుల్‌లో ఎల్5 అంటే సీనియర్. మైక్రోసాఫ్ట్‌లో ఎస్‌డీఈ-2 అంటే 61, 62. ముగ్గురిలో ఎవరి అంకె పెద్దదో చూస్తే మైక్రోసాఫ్ట్ మనిషే అందరికన్నా పైన ఉన్నట్టు ఉంటుంది. పన్నెండు మంది ఉన్న స్టార్టప్‌లో ఇంజినీరింగ్ మేనేజర్ అంటే ఇద్దరు జూనియర్లను చూసుకుంటూ సగం రోజు కోడ్ రాసే పని కూడా కావచ్చు, మొత్తం ప్రొడక్ట్ భారం మోసే పని కూడా కావచ్చు. ఆ రెండు మాటలతో తెలియదు.

తెలిసేది పని విస్తీర్ణం వల్ల. ఒక షీట్ తెరిచి గత ఆరు నెలల్లో మీరు చేసిన పనుల్లో పెద్దవి పది రాయండి. ఒక్కోదానికి నాలుగు గళ్లు. ఏం చెయ్యాలో నిర్ణయించింది ఎవరు? ఎలా చెయ్యాలో నిర్ణయించింది ఎవరు? దాని వల్ల ఏ అంకె మారింది (రెస్పాన్స్ టైమ్, ఫెయిలైన లావాదేవీలు, క్లౌడ్ బిల్లు, ప్రొడక్షన్ ఇన్సిడెంట్లు)? మీరు సెలవు పెడితే ఎవరి పని ఆగేది? పదిలో ఎనిమిదింటికి మొదటి రెండు గళ్లలోనూ లీడ్ పేరో క్లయింట్ పేరో ఉంటే, ఎనిమిదేళ్లు వచ్చినా మీ విస్తీర్ణం టిక్కెట్ (ఎవరో రాసిచ్చిన చిన్న పని) దగ్గరే ఉంది. ఇందులో మీ తెలివితేటల లోపం ఏమీ లేదు, మీకు అప్పగించిన పని అలాంటిది. ఎలా చెయ్యాలి అన్న గడిలో సగం చోట్ల మీ పేరుంటే ఫీచర్ స్థాయి. ఏం చెయ్యాలి అన్న దాంట్లో కూడా రెండు మూడు చోట్ల మీ పేరు ఉంటే సీనియర్ పని ఇప్పటికే చేస్తున్నారు, డబ్బు మాత్రం రావడం లేదు. పని చిన్నది కావడం, పెద్ద పనికి డబ్బు రాకపోవడం, ఈ రెండు జబ్బులకూ మందులు వేర్వేరు, అందుకే ముందు షీట్ రాయమంటున్నాను.

ఇక్కడ జనం చేసే పొరపాటు, టిక్కెట్ల సంఖ్య, కమిట్ల సంఖ్య లెక్కపెట్టడం. ఇంకోటి, ఆరు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం. అంకెలు అప్పటికి పోతాయి, డ్యాష్‌బోర్డ్ డేటా చెరిగిపోతుంది. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు చాలు. సొంత ల్యాప్‌టాప్‌లో రాసుకోండి, కానీ క్లయింట్ పేరు, కోడ్, స్క్రీన్‌షాట్ ఏదీ అందులోకి రాకూడదు.

లోతు సంగతి. మీ స్టాక్‌కు పరీక్ష మీ సర్వీసులోనే ఉంది. మీ కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్లు) సైజు ఎంత, ఎందుకంత? ఆ పూల్‌ను నడిపే హికారీ లైబ్రరీ డిఫాల్ట్ 10, చాలామంది మార్చరు, ఎందుకు మార్చలేదో చెప్పలేరు. ఒకే క్లాసులోని మెథడ్ అదే క్లాసులోని ట్రాన్సాక్షనల్ మెథడ్‌ను పిలిస్తే కొత్త ట్రాన్సాక్షన్ ఎందుకు మొదలవ్వదు? ఎందుకంటే ఆ పిలుపు ప్రాక్సీ (స్ప్రింగ్ మధ్యలో పెట్టే పొర) గుండా వెళ్లదు. పేమెంట్ రిక్వెస్ట్ టైమవుట్ అయి క్లయింట్ మళ్లీ పంపితే డబ్బు రెండుసార్లు కట్ కాకుండా మీ సిస్టమ్‌లో ఏది ఆపుతోంది? హైబర్నేట్ (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) ఒక లిస్ట్ పేజీకి ఎన్ని క్వెరీలు పంపుతోందో లాగ్‌లో చూశారా? హీప్ డంప్ (ప్రోగ్రామ్ మెమరీ నకలు) తీసి మెమరీ తినేదెవరో చూపించగలరా? వీటిలో మూడింటికి కోడ్ తెరవకుండా జవాబు చెప్పగలిగితే మీకు పని వచ్చు. రాకపోతే ఏం నేర్చుకోవాలో జాబితా దొరికింది, గ్రూపులో ఎవరి జీతం ఎంతైనా ఆ జాబితా మారదు.

చివరిది మార్కెట్ పరీక్ష. ఉద్యోగం మారే ఉద్దేశం లేకపోయినా ఏడాదికి మూడు నాలుగు ఇంటర్వ్యూలు ఇవ్వండి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోండి. కాల్సే రాకపోతే నైపుణ్యాన్ని అనుమానించకండి, రెజ్యూమె లేదా 90 రోజుల నోటీసు ఫిల్టర్ అయి ఉంటుంది. ఆన్‌లైన్ టెస్ట్ దగ్గర పోతే అది డేటా స్ట్రక్చర్స్ సాధన, రోజుకో లెక్క చొప్పున మూడు నాలుగు నెలల్లో సర్దుకుంటుంది. సిస్టమ్ డిజైన్ దగ్గర పోతే పైన చెప్పిన విస్తీర్ణం తక్కువ, పుస్తకాలు కొంతవరకే పనికొస్తాయి, ఇప్పుడున్న ప్రాజెక్టులోనే డిజైన్ పని అడిగి తీసుకోవాలి. మేనేజర్ రౌండ్‌లో పోతే చేసిన పని చెప్పడం రావడం లేదు, షీట్ అందుకూ పనికొస్తుంది. అన్నీ దాటి ఆఫర్ తక్కువ వస్తే, పాత సీటీసీ మీద ఇంత శాతం అని లెక్కేశారని అర్థం. అక్కడ బేరం ఆ రోల్ బ్యాండ్ మీద జరగాలి, మీ పాత జీతం మీద కాదు.

మీ బ్యాంకింగ్ జావాకు మొదట చూడాల్సినవి బ్యాంకుల సొంత కేంద్రాలు. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, గోల్డ్‌మన్ శాక్స్, అన్నిటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. సెటిల్‌మెంట్, రీకన్సిలియేషన్ తెలిసినవాళ్లకు అక్కడ విలువ ఉంటుంది.

---

డెలివరీ_వైపు_నుంచి

రేటింగ్ గురించి. సర్వీస్ కంపెనీల్లో మధ్య రేటింగ్ మీ పని విలువ కాదు, చాలావరకు బడ్జెట్ లెక్క. మేనేజర్ ప్రతిపాదించిన రేటింగ్ పైన నార్మలైజేషన్‌కు వెళ్తుంది. అక్కడ ఒకే బ్యాండ్‌లో (హోదా స్థాయిలో) ఉన్నవాళ్లందరినీ యూనిట్ స్థాయిలో కలిపి, పై రేటింగ్ ఇంత శాతానికే అని కోస్తారు. మీ మేనేజర్ ముందు పంపిన పేర్లలో మీరు ఎన్నోవారు, ఆ గదిలో మీ గురించి ఇంకెవరైనా మాట్లాడారా, మీ ప్రాజెక్టు మార్జిన్ ఎంత, ప్రమోషన్ డ్యూ ఉన్నవాళ్లు ఎంతమంది, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. కొత్తగా ప్రాజెక్టు మారినవాళ్లకు, బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా) కొన్నాళ్లు ఉన్నవాళ్లకు ఎంత బాగా చేసినా మధ్యలో పడటం మామూలు.

అలాగని పూర్తిగా కొట్టిపారేయకండి. మూడుసార్లు వరుసగా మధ్యలో పడ్డారంటే మీ పని మీ మేనేజర్ దాటి పైకి కనిపించడం లేదని అర్థం. అప్రైజల్ ముంగిట ఫిబ్రవరిలో అడిగితే లాభం లేదు, అప్పటికి జాబితా తయారైపోయి ఉంటుంది. గోల్స్ పెట్టేటప్పుడే మేనేజర్‌ను కూర్చోబెట్టి సూటిగా అడగండి: పై బ్యాండ్‌లో ఆశించేవాటిలో నా పనిలో లేనిది ఏది? అది ఈ ఏడాది ఏ పని ద్వారా చూపించొచ్చు? నార్మలైజేషన్‌లో నా గురించి మాట్లాడగలిగే ఇంకో మనిషి ఎవరు? జవాబును ఆ రోజే మెయిల్‌లో పెట్టండి. సగం ఏడాది దగ్గర అదే మెయిల్ మీద రిప్లై ఇస్తూ ఏం జరిగిందో రాయండి. ఈ మూడు ప్రశ్నలకు రెండుసార్లు అడిగినా గాలిమాటలే వస్తే ఆ ప్రాజెక్టులో మీకు దారి లేదు, మారండి.

జీతం విషయంలో ఇంకోటి తెలుసుకోవాలి. ఉన్నవాళ్ల ఇంక్రిమెంట్ బడ్జెట్ వేరు, కొత్తవాళ్లను తీసుకునే బడ్జెట్ వేరు. కొత్త మనిషికి మార్కెట్ రేటు ఇస్తారు, పాత మనిషికి నిన్నటి జీతం మీద శాతం ఇస్తారు. అందుకే మీ పక్క సీట్లోకి నిన్న వచ్చిన, మీకంటే తక్కువ అనుభవమున్న వ్యక్తికి ఎక్కువ జీతం ఉండొచ్చు. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుంటారు. ఇది బడ్జెట్ల నిర్మాణం వల్ల వచ్చే తేడా, ఎంత బాగా పనిచేసినా లోపల ఉండి పూర్తిగా పూడ్చలేరు.

---

నిదానం

అందరూ లెక్కలు బాగా చెప్పారు. ‘నాకు పని రాదేమో’ అన్న మాట దగ్గర ఆగాలనిపించింది.

గ్రూపులో ఎంతమంది ఉన్నారో, అందులో ప్యాకేజీ చెప్పినవాళ్లు ఎంతమందో ఒకసారి లెక్కపెట్టండి. లేఆఫ్ అయినవాళ్లు, హైక్ రానివాళ్లు, ఐటీ వదిలేసినవాళ్లు రాయరు. మీకు కనిపించేది బ్యాచ్ సగటు కాదు, పైన ఉన్న కొద్దిమంది. మధ్యలో ఉన్న మనిషి ఎవరో తెలుసుకోవాలంటే గ్రూపులో మాట్లాడని ఐదారుగురికి విడిగా ఫోన్ చేసి పలకరించండి. గ్రూపును మ్యూట్ చెయ్యండి, బయటికి రావక్కర్లేదు, రెఫరల్స్ వచ్చేదీ అక్కడినుంచే. లింక్డ్‌ఇన్‌లో అలాంటి పోస్టులు పెట్టేవాళ్లను అన్‌ఫాలో చేస్తే కనెక్షన్ పోదు, వాళ్లకు తెలియదు.

సామర్థ్యం ఉండి, ఫలితాలు వచ్చి కూడా తనకు అర్హత లేదనిపించడాన్ని పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లోనే వర్ణించారు. ఇంపోస్టర్ అనుభూతి అంటారు. ఇది జబ్బు కాదు. పాత_జావా గారి షీట్ దీనికీ పనికొస్తుంది, ఎందుకంటే అనుమానం వచ్చినప్పుడు బుర్ర వైఫల్యాలనే ముందుకు తెస్తుంది, రాసిపెట్టుకున్న పని అలా మారదు. కానీ నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆదివారం సాయంత్రం నుంచే గుండెదడ, ఇవి రెండు వారాలు దాటి ఉంటే ఇక పోలిక సమస్యగా చూడకండి, డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెళ్లిళ్లలో ‘ప్యాకేజీ ఎంత నాన్నా’ అని అడిగే బాబాయిలకు సీటీసీ చెప్పకండి. ‘ఇల్లు గడిచి నెలకింత మిగులుతోంది బాబాయ్’ అని చాలించండి. మిగులు గురించి తిరిగి ప్రశ్నలు వెయ్యడం కష్టం, మాట మారిపోతుంది.

---

మియాపూర్_మెట్రో

అందరికీ కృతజ్ఞతలండీ. షీట్ రాయడం మొదలుపెట్టాను. ‘ఎలా చెయ్యాలి’ గడిలో పదింట ఆరు చోట్ల నా పేరే ఉంది, ‘ఏం చెయ్యాలి’లో ఒక్కటీ లేదు. అంకెల గడి దాదాపు ఖాళీ. ఒక్క సందేహం: 90 రోజుల నోటీసు వల్ల కాల్స్ రావడం లేదంటే, ఆఫర్ లేకుండానే రిజైన్ చేసి నోటీసులో ఉండగా వెతకమంటున్నారు చాలామంది. అది సరైనదేనా?

---

పాత_జావా

ఆరు నెలల ఖర్చులు చేతిలో లేకుండా, ఈఎంఐ ఉండగా అది చెయ్యకండి. నోటీసులో ఉన్నవాళ్లకు కాల్స్ పెరుగుతాయి, నిజమే. కానీ చివరి నెలలో ఆఫర్ లేకపోతే ఏ అంకెకైనా ఒప్పుకుంటారు, ఆ తక్కువ అంకె తర్వాతి ఉద్యోగానికీ వెంట వస్తుంది. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు బైఅవుట్ (డబ్బు కట్టి నోటీసు తగ్గించుకోవడం) ఉందో లేదో చూడండి. ఉంటే దాన్ని గ్రాస్ మీద లెక్కేస్తారా, బేసిక్ మీదా, క్లయింట్ ఒప్పుకుంటేనే వదులుతామన్న షరతు ఏమైనా ఉందా చూసుకోండి. బేసిక్ మీద అయితే నోటీసులో 30 రోజులు తగ్గించుకోవడానికి మీ బేసిక్ ప్రకారం కట్టేది సుమారు 52 వేలు. చాలా కొత్త కంపెనీలు ఆ మొత్తాన్ని చేరాక తిరిగి ఇస్తాయి, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. బ్యాంకుల కేంద్రాలు 90 రోజులు ఆగడం కొత్తేమీ కాదు కాబట్టి మొదట అక్కడే ప్రయత్నించండి, రెజ్యూమె మొదటి పేజీలో నోటీసు పక్కన ‘బైఅవుట్ వీలు’ అని రాయండి.

అంకెల గడి ఖాళీగా ఉందన్నారు, అది ఈ వారమే మొదలుపెట్టొచ్చు. మీ సర్వీసుకు ఇప్పుడున్న రెస్పాన్స్ టైమ్, రోజుకు ఫెయిలయ్యే లావాదేవీలు, నెలకు వచ్చే ఇన్సిడెంట్లు, ఈ మూడూ ఇవాళ్టి తేదీతో రాసిపెట్టుకోండి. వీటిలో ఒకదాన్ని తగ్గించే ప్రతిపాదన ఒక పేజీలో రాసి మీరే లీడ్ ముందు పెడితే, ‘ఏం చెయ్యాలి’ గడిలో మొదటి పేరు మీదే అవుతుంది.